బోర్డు ముట్టే చేతికి పట్టీ కావాలా?

మేస్త్రీ: మాస్టారూ, ముందు నా మాట చెప్పేస్తాను. మా ఆటోనగర్ షెడ్లలో కంట్రోల్ యూనిట్ పోయిన బండ్లు నా చేతి మీదుగా చాలానే వెళ్లాయి. నీళ్లు దిగి పోయినవి, కప్లర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టి పోయినవి, జంపర్ కేబుళ్లు తిరగేసి తగిలిస్తే పోయినవి, బ్యాటరీ వైరు విప్పకుండా ఛాసిస్‌కి వెల్డింగ్ పెడితే పోయినవి, ఎలుకలు వైరింగ్ కొరికి షార్టయి పోయినవి. ప్రతిదానికీ ఒక ఆనవాలుంటుంది. కాలిన వాసనో, నల్ల మచ్చో, చేతికి అంటుకునే చిలుమో. ఐటీఐలో మీరు కుర్రాళ్లకి చెప్పే స్టాటిక్ కరెంటుకి మాత్రం ఏ ఆనవాలూ లేదు. కనబడని దాని కోసం మణికట్టుకి పట్టీ కట్టుకుని, దాని తీగని బండికి తగిలించుకుని పని చెయ్యమంటున్నారు. షెడ్డులో కుదిరే పనేనా అది?

మాస్టారు: మీరు చెప్పిన కారణాల్లో ఒక్కదాన్నీ కాదనను మేస్త్రీ గారూ. పాడైన యూనిట్లని వరసగా పేర్చి చూస్తే నీళ్లూ చిలుమూ వెల్డింగే ముందుంటాయని నేనూ నమ్ముతాను. నా పేచీ ఆ 'కనబడని' అన్న మాట దగ్గరే. వేలి నుంచి ఇనుముకి చురుక్కుమని తగిలినట్టు మనకి తెలియాలంటే ఒంటి మీద సుమారు 3,000 వోల్టులుండాలి. అంతకు తక్కువైతే చర్మానికి తెలియనే తెలియదు. చిప్పు లోపల ట్రాన్సిస్టర్ గేటు కింద ఆక్సైడు పొర ఒకటుంటుంది, దాని మందం నానోమీటర్లలో. నానోమీటరుకి ఇంచుమించు ఒక వోల్టు చొప్పున తట్టుకుంటుంది. అంటే 10 నానోమీటర్ల పొర 10 వోల్టులకే చిల్లుపడుతుంది. పక్కన రక్షణ సర్క్యూట్ ఉంది కాబట్టి చిప్పు బతుకుతోంది. అది బలహీనంగా ఉన్న భాగాలు 100 వోల్టుల దగ్గరే పోయేవి ఉన్నాయి. ఆ 100కీ మన చేతికి తెలిసే 3,000కీ మధ్య జరిగేదంతా మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇన్నేళ్లుగా చురుక్కుమనలేదు కాబట్టి ఏమీ జరగలేదని ఎలా అంటారు?

మేస్త్రీ: వోల్టులు చెబితే కుర్రాళ్లు భయపడతారు. దాని వెనక శక్తెంతుందో కూడా చెప్పండి.

మాస్టారు: చెబుతాను. పరీక్షల కోసం మనిషి ఒంటిని 100 పికోఫారడ్ల కెపాసిటరుగా, 1,500 ఓంల రెసిస్టరుగా లెక్కగడతారు. 3,000 వోల్టుల దగ్గర ఆ కెపాసిటర్లో ఉండే శక్తి అర మిల్లీజౌలు కూడా కాదు. ఒంటికి చిన్న చురుకు తప్ప ఏమీ అనిపించదు. కానీ అదంతా సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ సేపట్లో ఖాళీ అవుతుంది. ఆ క్షణంలో దూకే కరెంటు 2 ఆంపియర్లు. వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని దారిలోంచి 2 ఆంపియర్లు పోతే ఆ దారి ఏమవుతుందో, ఫ్యూజులు మార్చే మీకు నేను చెప్పాలా?

మేస్త్రీ: అది విడి చిప్పు సంగతి. నేను ముట్టుకునేది అల్యూమినియం డబ్బాలో బిగించి, జిగురు పోసి మూసేసిన యూనిట్‌ని. దాని ప్రతి పిన్ను వెనకా కెపాసిటర్లూ డయోడ్లూ ఉంటాయని మీ పాఠాల్లోనే ఉంది. వెల్వెట్ సీటు మీంచి జారి దిగి తలుపు మీద చెయ్యి వేసే డ్రైవరుకి రోజూ చురుక్కుమంటుంది. బండేమైనా ఆగిపోతోందా? దారిన పోయేవాడి చేతినే తట్టుకునేలా కట్టిన యూనిట్ నా చేతికి చస్తుందా?

మాస్టారు: అది మీ వాదనలోకెల్లా గట్టి మాట. దానికి ఇంకాస్త బలం నేనే ఇస్తాను. బండి ఎలక్ట్రానిక్స్‌ని స్టాటిక్‌కి పరీక్షించడానికి ఐఎస్ఓ 10605 అని ఒక ప్రమాణమే ఉంది. బండిలో బిగించి, పవరిచ్చి, మనిషి తాకే చోట్ల గాలిలోంచి 25,000 వోల్టుల దాకా నిప్పురవ్వ దూకించి చూస్తారు. అయితే అదే ప్రమాణంలో ఇంకో పరీక్ష కూడా ఉంది. బండికి తగిలించకుండా, పవరు లేకుండా, ఒట్టి యూనిట్‌ని చేత్తో పట్టుకుంటే ఏమవుతుందని చూసేది. రెండూ విడివిడిగా ఎందుకు పెట్టారంటే ఆ రెండు స్థితులూ ఒకటి కావు కాబట్టి. వైరింగ్‌కి తగిలించి, ఛాసిస్‌కి ఎర్త్ పట్టి ఉన్న యూనిట్‌లో వచ్చిన ఛార్జి పోవడానికి దారులున్నాయి. కప్లర్ ఊడదీసి మీ చేతిలో పెట్టుకున్న యూనిట్‌కి మీ వేలు తగిలిన పిన్నే దారి. మూత తీస్తే ఆ మాత్రం రక్షణ కూడా పోతుంది. ఈ మధ్య మీ షెడ్డులో మూతలు తీస్తున్నారని విన్నాను.

మేస్త్రీ: తీస్తున్నాం. తియ్యక తప్పడం లేదు. కొత్త యూనిట్ ధర విని మనిషి బండి వదిలేసి పోతానంటున్నాడు. లోపల ఒక డ్రైవరు చిప్పు మారిస్తే సరిపోయే జబ్బుకి యూనిట్ మొత్తం కొనిపించడానికి నాకు మనసొప్పదు.

మాస్టారు: అందులో మీది తప్పనడం లేదు. మీరు చేస్తున్న పని మారింది, చెయ్యి మారలేదు, అంతే నేననేది. 2019లో 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ ఏబీఎస్ వచ్చింది. అదే ఏడాది జులై నుంచి కార్లకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరయింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక కార్బొరేటర్ శుభ్రం చేసుకునే 110 సీసీ బండ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షనూ, దాన్ని నడిపే ఈసీయూ అనే కంట్రోల్ యూనిటూ వచ్చాయి. పదేళ్ల కిందట స్కూటరు విప్పే కుర్రాడికి బోర్డు తగిలేదే కాదు. ఇవాళ సీటు ఎత్తగానే తగులుతోంది.

మేస్త్రీ: మన గాలి సంగతి మర్చిపోతున్నారు. మీ పుస్తకాలు చలిదేశాల వాళ్లు రాసినవి. అక్కడ హీటర్లు, కార్పెట్లు, ఉన్ని బట్టలు. ఇక్కడ సముద్రపు ఒడ్డు గాలి. ఆగస్టులో చొక్కా ఒంటికి అతుక్కుని ఉంటుంది. కింద సిమెంటు నేల, దాని మీద గ్రీజు. పొద్దున్నుంచీ ఇనుము పట్టుకునే ఉంటాం. ఛార్జి ఎక్కడ నిలబడుతుంది?

మాస్టారు: తేమ ఉంటే ఛార్జి తగ్గుతుంది, ఒప్పుకుంటాను. అమెరికా రక్షణ శాఖ 1980లో వేసిన చేతిపుస్తకంలో ఒక పట్టిక ఉంది, ఇప్పటికీ అందరూ అదే చూపిస్తారు. తేమ 10 నుంచి 20 శాతం ఉంటే కార్పెట్ మీద నడిచిన మనిషికి 35,000 వోల్టులు. 65 నుంచి 90 శాతం ఉంటే 1,500. మీ మాట అక్కడిదాకా నిజం. అదే పట్టికలో కింద వరస చూడండి. బల్ల మీదున్న మామూలు పాలిథిన్ కవరుని చేత్తో పైకెత్తితే పొడి గాలిలో 20,000, తేమ గాలిలో 1,200. ఆ 1,200 మీ చేతికి తెలియదు, చిప్పుకి తెలుస్తుంది. పైగా మీరు చెప్పే ఒడ్డు గాలి బయటుంది. బోర్డు పని చేసే గదికి దుమ్ము పడకూడదని తలుపులేసి ఏసీ పెట్టారు కదా? ఏసీ గాలిని చల్లబరుస్తూ అందులోని నీటిని బయటికి కార్చేస్తుంది. ఇక హైదరాబాదులో మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలు ఎంత పొడిగా ఉంటాయో అక్కడి మెకానిక్‌ని అడగండి. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి గేటు ముట్టుకుంటే చురుక్కుమంటుంది.

మేస్త్రీ: ఏసీ గది మాట నాకు తట్టలేదు. సరే, అది మీ పద్దులో రాసుకోండి. కానీ పట్టీ సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాదు. బండి నాలుగు రబ్బరు టైర్ల మీద ఉంటుంది. దానికే నేల తగలదు. దానికి నా చెయ్యి కడితే నాకు ఎర్త్ ఎక్కడి నుంచి వస్తుంది?

మాస్టారు: రానక్కర్లేదు. రెండు తొట్లలో నీళ్లు ఒకే మట్టంలో ఉంటే మధ్య గొట్టం పెట్టినా నీరు కదలదు, ఇదీ అంతే. మీరూ, బండీ, మీ చేతిలోని యూనిటూ ఒకే వోల్టేజీలో ఉంటే చాలు, దూకడానికి తేడా ఉండదు. అందుకే పట్టీని గోడ ఎర్త్‌కి కాకుండా పని చేస్తున్న బండి ఛాసిస్‌కే తగిలించాలి. అదీ రంగు లేని ఇనుముకి. మన కుర్రాళ్లు 'ఒంటి కరెంటు వదిలించుకో' అంటే ఫెండర్ మీద చెయ్యి వేస్తారు. ఫెండర్‌కి మూడు పూతల పెయింటు. వాళ్ల చేతికి ఇనుము తగిలిందే లేదు.

మేస్త్రీ: మావాళ్లు బోల్టు ముట్టుకుంటారు. లేదా ఇంజను బ్లాకు. నేను నేర్పిందే అది. మరి ఆ అలవాటు ఉన్నవాడికి పట్టీ ఎందుకు? బోల్టు ముట్టుకో, కప్లర్ పిన్నులు ముట్టుకోకు, బ్యాటరీ మైనస్సు ముందు విప్పు. ఈ మూడూ పాటిస్తే వంద యూనిట్లలో ఎన్ని పోతాయంటారు?

మాస్టారు: లెక్క చెప్పలేను. చాలా తక్కువే పోవచ్చు. ఏ పట్టీ లేకుండా దేశమంతా బండ్లు బాగుపడుతూనే ఉన్నాయి, అది నా కళ్లముందే ఉంది.

మేస్త్రీ: మరి?

మాస్టారు: బోల్టు ముట్టుకోవడం ఆ ఒక్క క్షణానికి పనికొస్తుంది. తర్వాత కుర్రాడు ఏం చేస్తాడు? డ్యాష్‌బోర్డు కింద తల పెట్టడానికి సింథటిక్ సీటు కవరు మీద వెల్లకిలా జరుగుతాడు. ఒళ్లో కొత్త యూనిట్ ఉంటుంది. జరిగిన ప్రతిసారీ మళ్లీ ఛార్జి ఎక్కుతుంది. ఇంకో సంగతి, ఇది మా దగ్గర చదివిన వాళ్లు కూడా మర్చిపోయేది. చేతికి పట్టీ ఉన్నా, యూనిటే ఛార్జయి వస్తే పట్టీ ఏమీ చెయ్యలేదు. కొరియర్లో థర్మోకోల్ మధ్య ఒరుసుకుంటూ వచ్చిన బోర్డు తనంతట తనే ఛార్జి ఎక్కించుకుంటుంది. దాని పిన్ను ఇనుముకి తగిలిన క్షణంలో లోపలి నుంచి బయటికి దూకుతుంది. మనిషి ఒంటి నుంచి వచ్చేదానికి 1,500 ఓంల అడ్డైనా ఉంది. దీనికి అది కూడా లేదు. అందుకే బోర్డుని బయటి ఛార్జి నుంచి కూడా కాచే వెండి రంగు కవరులో పెట్టాలి. గులాబి రంగు కవరు తనంతట తను ఛార్జి పుట్టించదు గానీ బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు. మీ షెల్ఫులో పాత మీటర్ బోర్డులు కిరాణా కవర్లలో ఉన్నాయి.

మేస్త్రీ: కవర్ల సంగతి వింటాను. దానికి పనేమీ ఆగదు. నాకు ఒళ్లు మండేది ఇంకో చోట, మాస్టారూ. ఒక సర్వీసు సెంటరు వాళ్ల దగ్గరికి వారంటీలో ఉన్న యూనిట్ తీసుకెళ్లాను. విప్పి చూడనైనా చూడలేదు. 'బయట ముట్టుకున్నారు, స్టాటిక్ వల్ల పోయింది' అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే జవాబు లేదు. వెల్డింగ్ వల్ల పోయిందంటే నేను వాదించగలను, నీళ్లంటే చూపించగలను. ఆనవాలు లేని నేరాన్ని మాత్రం ఎవరి మీదైనా మోపొచ్చు. అది ఎప్పుడూ రోడ్డు పక్క షెడ్డు వాడి మీదే పడుతుంది. మీరు క్లాసులో చెప్పే ఆ చల్లని శాస్త్రం మా దాకా వచ్చేసరికి ఇలా తయారవుతుంది.

మాస్టారు: దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. చిప్పుని తెరిచి మైక్రోస్కోపు కింద చూస్తే స్టాటిక్ దెబ్బని చాలాసార్లు గుర్తుపట్టొచ్చు, ప్రయోగశాలల్లో చేస్తారు కూడా. ఒక స్కూటరు యూనిట్ కోసం ఆ పని ఎవరూ చెయ్యరు. చూడకుండా ఆ మాట అన్నవాళ్లది అన్యాయమే. కానీ అదే చీకటి మీ వైపు కూడా ఉంది. మీ షెడ్డులో బాగు చేసుకుని వెళ్లిన బండి మూడు నెలల తర్వాత దారిలో ఆగితే మీరేమంటారు? 'మాల్ మంచిది కాదు' అంటారు. దెబ్బతిన్న చిప్పు కొంతకాలం పనిచేసి తర్వాత చావడం జరుగుతుంది, అది చూపించారు. ఎంత తరచుగా జరుగుతుందన్న దాని మీద నిపుణులే ఒక మాట మీద లేరు, అదీ దాచను. ఏది ఎలా ఉన్నా రెండోసారి డబ్బు కట్టేది బండి మనిషే. వాళ్లు మీ మీద తోశారు, మీరు మాల్ మీద తోశారు. అతను ఎవరి మీద తోస్తాడు?

మేస్త్రీ: ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

మాస్టారు: గుచ్చాలని అనలేదు. ఎయిర్‌బ్యాగ్ దగ్గర మీరెలా చేస్తారో చెప్పండి.

మేస్త్రీ: అక్కడ నేను వాదించను. బ్యాటరీ విప్పి, మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగుతాను. ఇనుము ముట్టుకుని ఆ తర్వాతే పసుపు కప్లర్ మీద చెయ్యి వేస్తాను. మల్టీమీటరు పెట్టనివ్వను. ఊడదీసిన మాడ్యూల్‌ని బల్ల మీద బోర్లా పెట్టనివ్వను, కవరు పైకే ఉండాలి. మోసేటప్పుడు కవరు మొహం వైపు ఉండకూడదు.

మాస్టారు: ఎయిర్‌బ్యాగ్‌ని విప్పే ఇగ్నైటరు పేలాలంటే ఆంపియరు పైచిలుకు కరెంటు రెండు మిల్లీసెకన్ల పాటు పోవాలి. స్టాటిక్‌కి అంత సేపు ఉండదు. పైగా కప్లర్ ఊడదీయగానే రెండు పిన్నుల్నీ కలిపేసే రేకు లోపలే ఉంటుంది. ఇగ్నైటర్లని స్టాటిక్ తట్టుకునేలానే చేస్తారు. అంటే మీరు అన్ని జాగ్రత్తలూ పడుతున్నది చాలా అరుదైన ప్రమాదానికి. అక్కడ ఆనవాలు అడగలేదేం?

మేస్త్రీ: అక్కడ పోయేది కుర్రాడి కళ్లు. ఇక్కడ పోయేది ఒక బోర్డు. రెండింటినీ ఒకే త్రాసులో పెట్టకండి. బోర్డు పోతే డబ్బు పోయిందని ఏడ్చి ఊరుకుంటాం. ఒంటికి ప్రమాదమంటే వందలో ఒకటున్నా ఆగుతాను, డబ్బు దగ్గర ఎంత తరచుగా అని అడుగుతాను. అది తప్పు లెక్కంటారా?

మాస్టారు: తప్పనను. ఏబీఎస్ బోర్డు కూడా డబ్బు పద్దులోకే వస్తుందా అని మాత్రం అడుగుతాను.

మేస్త్రీ: అది పోతే మీటరులో లైటు వెలుగుతుంది, మామూలు బ్రేకు పనిచేస్తూనే ఉంటుంది. అలాగే కట్టారు దాన్ని.

మాస్టారు: పూర్తిగా పోతే లైటు వెలుగుతుంది. సగం పోతే ఎలా ఉంటుందో మీరూ నేనూ ముందే చెప్పలేం.

మేస్త్రీ: ఒళ్లు మాట వచ్చింది కాబట్టి ఇప్పుడు నేనడుగుతాను. కరెంటు బండ్లు వస్తున్నాయి. కారులో ప్యాక్ 300 వోల్టులు దాటి ఉంటుంది. నారింజ రంగు కేబుళ్ల దగ్గర పనికి మీరే రబ్బరు గ్లౌజులు వేసుకోమంటారు. మనిషిని ఇనుము నుంచి విడదీసి ఉంచడమే అక్కడ ప్రాణం. పట్టీ మనిషిని ఇనుముకి కట్టేస్తుంది. ఒకే కుర్రాడికి పొద్దున 'కట్టుకో', మధ్యాహ్నం 'కట్టుకోకు' అని చెబితే, ఏదో ఒకరోజు తప్పుగా గుర్తుపెట్టుకుంటాడు. నాకున్న భయం అది.

మాస్టారు: ఈ భయం నాకూ ఉంది. పట్టీ తీగలో 1 మెగాఓం రెసిస్టర్ పెట్టేది అందుకే, పొరపాటున కరెంటు తగిలినా మిల్లీ ఆంపియరులో చిన్న భాగమే పోవాలని. అయినా 250 వోల్టులు దాటిన చోట పట్టీ కట్టుకోవద్దనే చెబుతారు. అక్కడ ముందు ప్యాక్‌ని విడదీసే సర్వీస్ ప్లగ్గు తియ్యడం, ఆగడం, మీటరుతో సున్నా చూసుకోవడం. బోర్డు జాగ్రత్త ఆ తర్వాతి మాట. స్కూటరు ప్యాకులు 48 నుంచి 72 వోల్టుల మధ్య ఉంటాయి. 72 వోల్టులకి ఆ 1 మెగాఓం ద్వారా పోయేది 72 మైక్రో ఆంపియర్లు, ఒంటికి ఏమీ కాదు.

మేస్త్రీ: ఒంటికి కాదు, సెల్లులకి. బ్యాటరీని చూసుకునే బీఎంఎస్ బోర్డు మీద పని చేసేటప్పుడు సెల్లుల్ని ఆపే స్విచ్చు లేదు, అవి ఎప్పుడూ బతికే ఉంటాయి. పట్టీ చివర ఇనుప క్లిప్పు ఉంది. అది జారి సెల్లుల్ని కలిపే రెండు నికెల్ రేకుల మధ్య పడితే వందల ఆంపియర్లు. ఉంగరాలూ వాచీలూ తీయించి, ఇనుప క్లిప్పున్న తీగ కట్టమంటారా?

మాస్టారు: ప్యాక్ తెరిచి ఉన్నప్పుడు తీగ పట్టీ వద్దు, ఒప్పుకుంటున్నాను. అక్కడ కింద స్టాటిక్ నిలవనివ్వని మ్యాట్, కాళ్లకి అలాంటి చెప్పులే. బోర్డుని ప్యాక్ నుంచి విడదీశాకే పట్టీ.

మేస్త్రీ: అయితే ఇలా పెట్టుకుందాం. మూత తీసి చేసే పనంతా ఏసీ గదిలో బల్ల మీదే. అక్కడ మ్యాట్, పట్టీ, వెండి కవర్లు, మీరు చెప్పినట్టే. థర్మోకోలు ఆ గదిలోకి రాదు. బండి దగ్గర మాత్రం బోల్టు ముట్టుకునే అలవాటు చాలు.

మాస్టారు: కొత్త యూనిట్ కవరు చింపేది ఎక్కడ? బండి దగ్గరే, ఆ సీటు మీదే.

మేస్త్రీ: కవరుతో సహా ముందు ఇనుముకి తాకిస్తాం. కప్లర్ దగ్గరికి వెళ్లాకే చింపుతాం. పిన్నులు ముట్టం.

మాస్టారు: తాకించాలని గుర్తుండాలి. సాయంత్రం ఆరింటికి, బండి మనిషి తలమీద నిలబడి తొందరపెడుతుంటే, ఆ కుర్రాడికి గుర్తుంటుందా? పట్టీ ఉంటే గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

మేస్త్రీ: పట్టీ తీగ బ్రేకు పెడల్‌కి చుట్టుకుంటుంది. రెండు సార్లు చూసి మూడోసారి క్లిప్పు ఊడదీస్తాడు, చేతికి పట్టీ మాత్రం అలాగే ఉంటుంది. కట్టుకున్నాననుకుని ఇక బోల్టు కూడా ముట్టుకోడు. తీగ లోపల తెగినా పైకి తెలియదు. ఫ్యాక్టరీల్లో రోజూ పొద్దున్నే పరీక్ష పెడతారట. నా షెడ్డులో ఎవరు పెడతారు?

మాస్టారు: కుర్రాడే పెడతాడు. మల్టీమీటరు ఒక కొన క్లిప్పుకి, ఇంకో కొన చేతిలో. పది సెకన్ల పని, నేనొచ్చి చూపిస్తాను.

మేస్త్రీ: రండి, చూపించండి. బల్లకి రెండు పట్టీలూ మ్యాటూ తెప్పిస్తాను, షెల్ఫులో బోర్డులకి కవర్లు మారుస్తాను. డ్యాష్‌బోర్డు కింద పట్టీ కట్టించడానికి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

మాస్టారు: బోల్టు చాలని నేనూ ఒప్పుకోలేదు.